యెమ్ట్‌లాండ్ సీమ: నేల, మనుషులు, డాలు మీది ఎల్క్ – తరచుగా అడిగే ప్రశ్నలు

స్వీడన్ పాత సీమల గురించి, వాటి లాంఛనాల (డాలు మీద వేసుకునే గుర్తుల) గురించి తెలుగులో రాస్తుంటే ఎక్కువ ప్రశ్నలు వచ్చేది యెమ్ట్‌లాండ్ మీదే. అది నార్వేదా స్వీడన్‌దా, డాలు మీద ఉన్న జంతువు ఏంటి, అక్కడ రిపబ్లిక్ ఉందట నిజమేనా అని అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## పేరు కొత్తగా విన్నవాళ్లకు

యెమ్ట్‌లాండ్ అసలు ఎక్కడుంది? స్వీడన్‌లోనా, నార్వేలోనా?

ఇప్పుడు స్వీడన్‌లో ఉంది. దేశం పటంలో సరిగ్గా నడిమి భాగాన, పడమటి అంచున, నార్వే సరిహద్దుని ఆనుకుని కనిపిస్తుంది. 1645 వరకు మాత్రం నార్వేదే. విస్తీర్ణం సుమారు 34 వేల చదరపు కిలోమీటర్లు, అంటే బెల్జియం దేశం కంటే పెద్దది. స్వీడన్ సీమల్లో లాప్‌లాండ్ తర్వాత పెద్దది ఇదే. అంత నేలలో ఉండే జనం లక్షకు కాస్త పైన. వాళ్లలో దాదాపు సగం మంది ఓస్టర్‌సుండ్ పట్టణంలోనూ దాని చుట్టుపక్కలా ఉంటారు. సీమలో పట్టణం అని చెప్పుకోదగ్గది అదొక్కటే.

ఇది రాష్ట్రమా, జిల్లానా? సీమ అంటే ఏ లెక్కలోకి వస్తుంది?

పరిపాలన లెక్కలో చూస్తే ఏదీ కాదు. స్వీడన్‌లో ఇలాంటి చారిత్రక సీమలు 25 ఉన్నాయి. 1634లో దేశాన్ని జిల్లాలుగా విభజించాక ఈ సీమలకు పాలనాపరమైన పని లేకుండా పోయింది. అయినా జనం నోటిలో, వాతావరణ వార్తల్లో, యాసల్లో, వంటల్లో అవి ఇప్పటికీ బతికే ఉన్నాయి. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే రాయలసీమ లాంటిది. రాయలసీమకు ఒక కలెక్టరు ఉండడు, సరిహద్దు రాళ్లుండవు, కానీ “మాది సీమ” అని చెప్పే మనిషికి ఆ మాటలో ఏముందో తెలుసు. “నేను యెమ్ట్‌ని” అని చెప్పే మనిషి సంగతీ అంతే.

మ్యాప్‌లో యెమ్ట్‌లాండ్ జిల్లా అని కూడా కనిపిస్తోంది. రెండూ ఒకటేనా?

కాదు. జిల్లా 1810లో ఏర్పడింది. అందులో యెమ్ట్‌లాండ్ సీమతో పాటు దక్షిణాన ఉన్న హెర్యెదాలెన్ అనే ఇంకో పాత సీమ కూడా ఉంది. హెర్యెదాలెన్ వాళ్లను యెమ్ట్‌లాండ్ వాళ్లు అంటే ఒప్పుకోరు. అందుకే ఆసుపత్రులు, బస్సులు చూసుకునే ప్రాంతీయ ప్రభుత్వం తన పేరులోనే రెండు సీమల పేర్లూ పెట్టుకుంది. జిల్లా గణాంకాలు చూసి అవి సీమవి అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. జనాభా, విస్తీర్ణం చూసేటప్పుడు ఏది ఏదో సరిచూసుకోండి.

పేరు జ అక్షరంతో మొదలవుతుందా, య తోనా?

య తో. స్వీడిష్‌లో ఆ అక్షరాన్ని ‘య’ అనే పలుకుతారు కాబట్టి యెమ్ట్‌లాండ్. అక్కడి మనుషులు యెమ్ట్‌లు. స్థానిక యాసలో యమ్ట్ అంటారు.

## నేల, నీరు

అక్కడంతా మంచుకొండలేనా? వ్యవసాయం ఏమైనా ఉందా?

ఉంది. పడమటి నుంచి తూర్పుకి వస్తే ఈ సీమ మూడు రకాలుగా మారుతుంది. నార్వే వైపు చెట్లు లేని నున్నటి కొండలు. 1,420 మీటర్ల ఓరెస్కూతన్ శిఖరం, దాని కింద స్కీయింగ్‌కి పేరుపడ్డ ఓరె ఊరు అక్కడే ఉన్నాయి. 1954, 2007, 2019ల్లో ప్రపంచ ఆల్పైన్ స్కీయింగ్ పోటీలు ఓరెలోనే జరిగాయి. తూర్పు వైపు పైన్, స్ప్రూస్ అడవులు, మధ్యమధ్యలో బురద నేలలు. ఈ రెండిటి నడుమ స్టూర్‌షోన్ సరస్సు చుట్టూ ఉన్న పల్లెసీమే అసలు గుండెకాయ.

అక్కడి నేల కింద సున్నపురాయి ఉంది. ఉత్తర స్వీడన్‌లో చాలాచోట్ల గ్రానైట్, ఆమ్లగుణం ఉన్న మట్టి. ఇక్కడ మాత్రం సున్నం ఉండడం వల్ల ఇంత ఉత్తరాన కూడా గడ్డి, బార్లీ బాగా పండుతాయి. పశువులు, మేకలు పెంచుకుని జనం స్థిరపడింది అందుకే. ఆ సున్నపు నేల ఇచ్చిన మరో వరం ఆర్కిడ్ పూలు. సీమ పువ్వుగా ఎంచుకున్న బ్రూన్‌కుల్లా కూడా ఒక చిన్న ఆర్కిడే. ముదురు గోధుమ ఎరుపు రంగులో బొటనవేలంత గుత్తి, వాసన చూస్తే వెనిల్లా. పూర్వం వేసవిలో పశువుల్ని మేపుకునే, గడ్డి కోసుకునే మైదానాల్లో ఇది పెరిగేది. ఆ మేత పద్ధతి తగ్గిపోయే కొద్దీ పువ్వూ అరుదైపోయింది. ఒక సీమ పువ్వు అక్కడి రైతుల పని మీద ఇంతగా ఆధారపడి ఉండడం నాకు చాలా విలువైన సంగతిగా అనిపిస్తుంది.

స్టూర్‌షోన్ సరస్సుకి అంత ప్రాముఖ్యం ఎందుకు?

పేరుకి అర్థమే పెద్ద సరస్సు. 464 చదరపు కిలోమీటర్లు, స్వీడన్‌లో ఐదో పెద్దది. ఎండాకాలం పడవలకు, చలికాలం గడ్డకట్టాక బండ్లకు ఇదే దారి. సీమ సభ జరిగింది, గుడి వెలిసింది, సంత సాగింది, యుద్ధం జరిగింది అంతా దీని ఒడ్డునే. దీని నడుమ ఉన్న ఫ్రోసోన్ దీవి పాత కాలపు కేంద్రం. ఫ్రో అనే పంటల దేవుడి పేరు మీద ఆ దీవికి ఆ పేరు వచ్చింది. ఎదురుగా గట్టు మీద ఉన్న ఓస్టర్‌సుండ్ పట్టణం కొత్తది, 1786లో మూడో గుస్తావ్ రాజు కాలంలో పెట్టింది.

అక్కడ ఉల్క పడిన గుంట ఉందంటారు, నిజమేనా?

నిజమే. ఓస్టర్‌సుండ్‌కి దక్షిణాన లోక్నె అనే చోట ఉంది. సుమారు 45 కోట్ల ఏళ్ల క్రితం, ఆ ప్రాంతం సముద్రం కింద ఉన్నప్పుడు పడింది. గుంట అడ్డం దాదాపు ఏడున్నర కిలోమీటర్లు. పైనుంచి చూస్తే గిన్నెలా కనపడుతుందని ఆశపడకండి, ఇప్పుడది సరస్సు, పొలాలు, అడవి. రాళ్లు చదవగలిగినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

“చచ్చిపోయిన జలపాతం” కథ ఏంటి? ఒక్క రాత్రిలో సరస్సు ఖాళీ అయిందా?

అయింది. ఈ సీమ భూగోళంలో ఇంత పెద్ద మార్పు ఒక మనిషి చేతుల మీదుగా జరగడం ఇంకెక్కడా లేదు.

తూర్పున రాగుండా దగ్గర ఇందాల్ నది మీద దాదాపు 35 మీటర్ల ఎత్తున్న పెద్ద జలపాతం ఉండేది. ఎగువన పొడవాటి రాగుండా సరస్సు. అడవిలో నరికిన దుంగల్ని నదిలో వదిలితే ఆ జలపాతంలో పడి ముక్కలైపోయేవి. దాన్ని తప్పించే కాలువ తవ్వాలని రైతులు ఎప్పటినుంచో అనుకుంటున్నారు. మాగ్నుస్ హుస్ అనే సుండ్స్‌వాల్ వర్తకుడు ఆ పని చేపట్టాడు. జలపాతం పక్కన ఉన్న గట్టు రాయి కాదు, ఇసుకా కంకరా. దాన్ని పారతో తవ్వడం కంటే నీటితోనే కోయించవచ్చని ఒక వాగు నీటిని మళ్లించాడు. పని నడుస్తుండగా 1796 వసంతంలో మంచు కరిగి వరద గట్టిగా వచ్చింది. జూన్ 6 రాత్రి నీరు కాలువలోకి దూరి గట్టుని కోసేసింది. తర్వాత నాలుగు గంటల్లో సరస్సు మొత్తం ఖాళీ అయిపోయింది. పొలాలు, మిల్లులు, ఇళ్లు కొట్టుకుపోయాయి. మనుషులెవరూ పోలేదని చెబుతారు.

నది కొత్త దారి పట్టింది, జలపాతం అలాగే ఎండిపోయింది. ఇప్పుడక్కడికి వెళితే నీరు సుడులు తిరిగి నున్నగా తొలిచిన బావుల్లాంటి గుంటలు రాళ్లలో కనిపిస్తాయి, చుక్క నీరు ప్రవహించదు. కొట్టుకొచ్చిన మట్టి సముద్రం దగ్గర మేట వేసి డెల్టాగా మారింది. సుండ్స్‌వాల్ విమానాశ్రయం ఆ డెల్టా మీదే ఉంది. హుస్ మరుసటి ఏడాది అదే నదిలో మునిగి చనిపోయాడు. కడుపు మండిన వాళ్లు చంపేశారని జనంలో మాట ఉంది.

ఖాళీ అయిన సరస్సు అడుగు కొన్నాళ్లకు సారవంతమైన పొలం అయింది. ఏడాదికొక పొర చొప్పున పేరుకున్న అక్కడి బంకమట్టిని యెరార్డ్ డె యేర్ అనే భూగర్భ శాస్త్రవేత్త లెక్కపెట్టాడు. మంచుయుగం ముగిసి ఎన్నేళ్లయిందో అంచనా కట్టడానికి ఆ పొరలు ఆయనకు పనికొచ్చాయి.

అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తాడా?

కనిపించడు. ఓస్టర్‌సుండ్ 63 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఆర్కిటిక్ వలయానికి దిగువన. జూన్ మూడోవారంలో పగలు 20 గంటలు దాటుతుంది, రాత్రి కూడా పూర్తిగా చీకటి పడదు. డిసెంబరులో ఎండ మొహం కనిపించేది సుమారు నాలుగున్నర గంటలే.

## చరిత్ర దగ్గర తికమక పడేవాళ్లకు

నార్వే చేతిలోంచి స్వీడన్ చేతికి ఎలా వచ్చింది?

1645లో, బ్రోమ్‌సెబ్రూ ఒప్పందంతో. అప్పట్లో నార్వేకి, డెన్మార్క్‌కి రాజు ఒక్కడే. స్వీడన్‌తో యుద్ధంలో ఓడిపోయిన ఆయన యెమ్ట్‌లాండ్, హెర్యెదాలెన్ సీమల్ని, బాల్టిక్ సముద్రంలోని గాట్‌లాండ్ దీవిని మరికొన్నిటితో పాటు వదులుకున్నాడు.

సమస్య అంతకు ముందే మొదలైంది. 1563లో మొదలైన ఏడేళ్ల యుద్ధంలో స్వీడన్ ఈ సీమని ఆక్రమించి 1570లో తిరిగి ఇచ్చేసింది. 1611లో మళ్లీ ఆక్రమించింది, 1613లో మళ్లీ తిరిగి ఇచ్చింది. సైన్యం వచ్చిన ప్రతిసారీ రైతులు ఆ రాజుకి విధేయత ప్రమాణం చేయాలి, చేయకపోతే ఇల్లు తగలబడుతుంది. 1613 తర్వాత డేనిష్ అధికారులు ఆ ప్రమాణాన్నే ద్రోహంగా లెక్కగట్టి చాలామంది రైతుల భూములు రాజు పరం చేశారు. 1677లో మరో యుద్ధంలో నార్వే సైన్యం కొద్దికాలం తిరిగి పట్టుకుంది కూడా. ఇన్నిసార్లు చేతులు మారిన నేల మీద బతికిన రైతుకి ఇద్దరు రాజులూ పన్ను అడిగేవాళ్లుగానే కనిపించి ఉంటారని నా నమ్మకం.

ఒక విశేషం ఉంది. మధ్యయుగాల్లో రాజు నార్వే వాడైనా, చర్చి వ్యవహారాలు మాత్రం స్వీడన్‌లోని ఉప్సాలా ఆర్చిబిషప్ కింద నడిచేవి. ఒక దేశానికి పన్ను, ఇంకో దేశపు బిషప్ కింద మతం, ఇలా కొన్ని వందల ఏళ్లు సాగింది.

నార్వేకి ముందు ఇది స్వతంత్ర రాజ్యమా?

రాజ్యం అనకూడదు, ఎందుకంటే రాజు లేడు. పెద్ద రైతుల సభ ఒకటి ఉండేది, దాని పేరు యమ్టామోట్. ఏడాదికోసారి చలికాలం చివర, బండ్లు సరస్సు మంచు మీద నడిచే రోజుల్లో ఫ్రోసోన్ దీవిలో సమావేశమయ్యేది. న్యాయం, వ్యాపారం, పూజ అన్నీ అక్కడే. 1178లో నార్వే రాజు స్వెర్రె ఈ సరస్సు మంచు మీదే జరిగిన యుద్ధంలో యెమ్ట్‌లను ఓడించాక ఆయన అధికారం గట్టిపడింది. సభ మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

ఫ్రోసోన్ దీవిలోని రాతి శాసనం మీద ఏం రాసి ఉంది?

రూన్ అనే పాత స్కాండినేవియా లిపిలో నాలుగు మాటలు. గుడ్‌ఫాస్ట్ కొడుకు ఓస్ట్‌మన్ ఈ రాయి ఎత్తించాడు, ఈ వంతెన కట్టించాడు, యెమ్ట్‌లాండ్‌ని క్రైస్తవంలోకి తెచ్చాడు. వంతెన కట్టింది అస్‌బ్యోర్న్. చెక్కింది ట్రియోన్, స్టెయిన్. కాలం సుమారు 1030–1050.

స్వీడన్‌లో నిలబెట్టిన రూన్ రాళ్లలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్నది ఇదే. యెమ్ట్‌లాండ్ అనే పేరు రాతి మీద కనిపించేదీ ఇక్కడే. ఈ వరసలో నన్ను కదిలించేది ఒక్కటే: మతం మార్చినవాడి పేరుతో పాటు వంతెన కట్టిన మేస్త్రీ పేరు, ఉలి పట్టిన ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

1984లో అదే దీవిలోని చర్చి పీఠం కింద తవ్వితే ఒక భూర్జ చెట్టు మొదలు, దాని చుట్టూ జంతువుల ఎముకలు బయటపడ్డాయి. ఎక్కువ ఎలుగుబంట్లవి. పాత దేవతలకు బలులిచ్చిన చెట్టుని నరికి సరిగ్గా దాని మీదే చర్చి పీఠం కట్టారన్నమాట.

కరోలిన్ సైనికుల మృత్యుయాత్ర అంటారు, అది ఇక్కడ జరిగిందా?

అది నార్వేలో మొదలై ఈ సీమలో ముగిసింది. 1718లో స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ (కరోలిన్‌లు అంటే ఆయన సైనికులే) నార్వే మీద దండెత్తి, ఆర్మ్‌ఫెల్ట్ అనే సేనాపతిని యెమ్ట్‌లాండ్ మీదుగా నార్వే నగరం ట్రోన్‌హైమ్ వైపు పంపాడు. రాజు దక్షిణాన ఒక కోట ముట్టడిలో తూటా తగిలి చనిపోయాడు. వార్త అందాక ఆర్మ్‌ఫెల్ట్ వెనక్కి తిరిగాడు. కొత్త సంవత్సరం రోజుల్లో, అలసిపోయి బట్టలు చిరిగిపోయిన సైన్యం నార్వేలోని టీడల్ నుంచి కొండలు దాటబోయింది. మంచు తుఫాను పట్టుకుంది. వెచ్చదనం కోసం తుపాకీ కర్రలు కూడా కాల్చుకున్నారు. దాదాపు 3,000 మంది ఆ కొండల మీదే గడ్డకట్టి చనిపోయారు. బతికినవాళ్లు చేరిన మొదటి ఊరు హాండోల్, యెమ్ట్‌లాండ్‌లోదే. కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లు ఇంకా కొన్ని వందల మంది. చనిపోయిన సైనికుల్లో చాలామంది అప్పట్లో స్వీడన్ కింద ఉన్న ఫిన్లాండ్ వాళ్లు. హాండోల్‌లో వాళ్ల స్మారకం ఉంది.

## డాలు, జెండా

డాలు మీద ఉన్న జంతువు ఏంటి? గుర్రమా, దుప్పా?

ఎల్క్. దుప్పి జాతిలో ప్రపంచంలోకెల్లా పెద్దది, అమెరికాలో దీన్నే మూస్ అంటారు. లాంఛనం వివరం ఇది: నీలి డాలు మీద నడుస్తున్న వెండి ఎల్క్, దాని వీపు మీద రెక్కలు విప్పి దాడి చేస్తున్న బంగారు డేగ, ముందు వైపు పైకి లేచి మీదపడుతున్న బంగారు వేటకుక్క. లాంఛనాల్లో వెండిని తెలుపుతో, బంగారాన్ని పసుపుతో కూడా వేస్తారు, కాబట్టి తెల్ల ఎల్క్ కనిపిస్తే తప్పనుకోవద్దు.

ఎల్క్‌నే ఎందుకు పెట్టుకున్నారు?

ఆ నేల మీద మనిషి బతుకు మొదలైందే ఎల్క్‌తో. ఆల్సెన్ సరస్సు దగ్గర గ్లోసా అనే చోట ఒక వాగు పక్కన రాతి పలకల మీద ఎల్క్ బొమ్మలు చెక్కి ఉన్నాయి. రాతియుగపు వేటగాళ్లు సుమారు 6,000 ఏళ్ల క్రితం చెక్కినవి. కొన్ని బొమ్మల్లో జంతువు లోపల నోటినుంచి గుండె దాకా ఒక గీత గీశారు, ప్రాణం ఎక్కడుందో చూపించినట్టు. అడవుల్లో ఎల్క్ నడిచే దారుల్లో వరసగా తవ్విన ఉచ్చు గుంటలు ఇప్పటికీ వందల సంఖ్యలో కనిపిస్తాయి. తోళ్లు, మాంసం, వ్యాపారం అన్నీ దానిమీదే. శరదృతువు వచ్చిందంటే ఇప్పటికీ ఊళ్లకు ఊళ్లు ఎల్క్ వేటకి కదులుతాయి.

అందుకే 17వ శతాబ్దంలో, స్వీడన్ చేతికి రాకముందే, సీమ ముద్ర మీద ఎల్క్ ఉంది. ఆ గుర్తు స్టాక్‌హోమ్ ఇచ్చింది కాదన్న సంగతి అక్కడివాళ్లకు ముఖ్యం.

డేగ, కుక్క ఎల్క్ మీద పడుతున్నాయి కదా, అది నార్వే, స్వీడన్‌లకు గుర్తా?

అలా చెప్పుకునేవాళ్లు సీమలో చాలామంది ఉన్నారు. ఎల్క్ అంటే మేము, రెండువైపులా మీద పడుతున్నవి రెండు దేశాలు అని. వందల ఏళ్లు ఇద్దరి మధ్య నలిగిన చరిత్ర తెలిస్తే ఆ భాష్యం ఎందుకు నచ్చుతుందో అర్థమవుతుంది. అయితే బొమ్మ గీసినవాళ్ల ఉద్దేశం అది అనడానికి ఆధారం లేదు. డేగతో, కుక్కతో వేటాడడం ఆ కాలపు ప్రభువుల వినోదం, డాళ్ల మీద సాధారణంగా కనిపించే దృశ్యం. నా మట్టుకు నేను దాన్ని వేట బొమ్మగానే చదువుతాను. ఎల్క్ కింద పడిపోకుండా తల ఎత్తి నడుస్తూనే ఉంది, జనం భాష్యానికి ఆ నడకే బలం ఇచ్చింది.

ఒక్కో చోట ఒక్కోలా గీసి ఉంది. ఏది అసలైన బొమ్మ?

అన్నీ అసలైనవే కావచ్చు. లాంఛన శాస్త్రంలో ప్రమాణం బొమ్మ కాదు, మాటల్లో రాసిన వర్ణన. ఏ జంతువు, ఏ రంగు, ఏ భంగిమ, ఎక్కడ అన్నది వర్ణన చెబుతుంది. కొమ్ములు ఎంత వెడల్పు, కుక్క తోక ఎలా వంకర తిరగాలి అన్నది చిత్రకారుడి ఇష్టం. కాబట్టి చూడాల్సింది రెండు మూడు విషయాలే: నేపథ్యం నీలంగా ఉందా, ఎల్క్ వెండి లేక తెలుపా, డేగా కుక్కా బంగారు రంగులో ఉన్నాయా. కుక్క బదులు ఇంకో ఎల్క్ ఉన్నా, ఎల్క్ బంగారు రంగులో ఉన్నా అది తప్పు.

రంగుల కూర్పులోనూ నియమం ఉంది. లోహపు రంగు మీద లోహపు రంగు, వట్టి రంగు మీద వట్టి రంగు నేరుగా పడకూడదు. నీలం మీద వెండి, బంగారం అంటే నియమం సరిపోయింది. దూరం నుంచి గుర్తుపట్టేలా ఉండడానికే ఈ పట్టింపు.

డాలు పైన కిరీటం ఎందుకుంది? అక్కడ డ్యూక్ ఉన్నాడా?

స్వీడన్ సీమలు డ్యూక్ కిరీటాన్ని వాడుకోవచ్చని 1884లో నిర్ణయించారు. అది సీమ గౌరవానికి గుర్తు, పాలకుడు ఉన్నాడని కాదు. రాజకుటుంబంలో పుట్టిన పిల్లలకు మాత్రం ఒక్కో సీమ పేరు మీద డ్యూక్ బిరుదు ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఇప్పటి రాజు పదహారో కార్ల్ గుస్తావ్ 1946లో పుట్టినప్పుడు ఆయనకిచ్చిన బిరుదు యెమ్ట్‌లాండ్ డ్యూక్. ఆ బిరుదుతో భూమీ రాదు, అధికారమూ రాదు.

నీలం, తెలుపు, ఆకుపచ్చ జెండా ఎక్కడిది? అది అధికారికమా?

అధికారికం కాదు, కానీ ఇళ్ల ముందు, సంబరాల్లో, కార్ల మీద అన్నిచోట్లా కనిపిస్తుంది. మూడు అడ్డ పట్టీలు: నీలం ఆకాశానికి, తెలుపు మంచు కొండలకు, ఆకుపచ్చ అడవులకు అని చెబుతారు. స్కాండినేవియా జెండాల్లో ఉండే శిలువ ఇందులో లేదు. జెండా మీద డాలు బొమ్మ వెతకకండి, రెండూ వేర్వేరు దారుల్లో వచ్చాయి.

హెర్యెదాలెన్ లాంఛనం కూడా ఇదేనా?

కాదు. దాని డాలు మీద కమ్మరి సామాను ఉంటుంది: దాగలి, సుత్తులు, పటకారు. జిల్లా లాంఛనంలో రెండు సీమల గుర్తులూ కలిపి వేస్తారు. ఎల్క్ పక్కన దాగలి కనిపిస్తే మీరు చూస్తున్నది జిల్లాది.

## “మేము యెమ్ట్‌లం” అనే మాట గురించి

యెమ్ట్‌లాండ్ రిపబ్లిక్ నిజంగా ఉందా? వేరుపడాలనుకుంటున్నారా?

చట్టం దృష్టిలో లేదు. 1963లో పుట్టిన ఒక సాంస్కృతిక ఉద్యమం అది. ఆ రోజుల్లో ఉత్తరాది పల్లెల నుంచి జనం పనికోసం దక్షిణాది నగరాలకు వెళ్లిపోతున్నారు, బళ్లు, పోస్టాఫీసులు మూతపడుతున్నాయి, ప్రభుత్వం చిన్న పాలనా విభాగాల్ని కలిపేస్తోంది. ఆ కోపంలోంచి, సగం నవ్వులాటగా సగం సీరియస్‌గా రిపబ్లిక్ ప్రకటించారు. యింగ్వె గామ్లిన్ అనే నటుడు మొదటి అధ్యక్షుడు. తర్వాత మోల్టాస్ ఎరిక్‌సన్, 1989లో గాయకుడు ఎవెర్ట్ యూస్‌బెరి ఆ స్థానంలోకి వచ్చారు. ఓస్టర్‌సుండ్‌లో వేసవిలో జరిగే స్టూర్‌షోయీరన్ సంగీత ఉత్సవంలో అధ్యక్షుడి ప్రసంగం వినడానికి వేల మంది చేరతారు.

నవ్వులాట భాగం చూసి తేలిగ్గా తీసుకోవద్దు. ఊరు ఖాళీ అవుతుంటే చూస్తూ ఊరుకోలేని మనుషులు పట్టుకున్న పద్ధతి అది. ఆసుపత్రి మూసేస్తామన్నప్పుడు, రైలు తగ్గిస్తామన్నప్పుడు ఆ జెండా కిందే జనం పోగవుతారు.

సామీ ప్రజలు ఈ సీమవాళ్లేనా, బయటినుంచి వచ్చారా?

ఈ సీమవాళ్లే. దక్షిణ సామీలు ఇక్కడి కొండల్లో, అడవుల్లో తరతరాలుగా రెయిన్‌డీర్‌లు పెంచుతూ వస్తున్నారు. వాళ్ల భాష దక్షిణ సామీ, మాట్లాడేవాళ్లు చాలా తక్కువమంది మిగిలారు. ఆ భాషలో ఓస్టర్‌సుండ్ పేరు స్టారె. స్వీడన్‌లో సామీల మొదటి జాతీయ సమావేశం 1918లో ఆ పట్టణంలోనే జరిగింది. 1917లో నార్వే వైపు ట్రోన్‌హైమ్‌లో జరిగిన సభకి అది కొనసాగింపు. సీమ చరిత్ర అంటే రైతులు, రాజులు అని మాత్రమే చెప్పే రాతలు మీకు చాలా దొరుకుతాయి. వాటిలో సగం నేల కథ లేదని గుర్తుంచుకోండి.

వాళ్లు మాట్లాడేది స్వీడిషా, నార్వేజియనా?

బడిలో, ఆఫీసులో స్వీడిష్. ఇంట్లో, ఊళ్లో యమ్‌స్కా అనే యాసలు. వాటికి సరిహద్దు అవతల ట్రోండెలాగ్ యాసలతో దగ్గరి పోలిక ఉంది. ఇది స్వీడిష్ యాసా, ప్రత్యేక భాషా అన్న వాదన అక్కడ వేడివేడిగా నడుస్తుంది. యమ్‌స్కాలో కథలు, పాటలు రాసేవాళ్లు ఉన్నారు. ఊరికో తీరుగా మారే యాసలకు ఒకే వర్ణక్రమం కుదర్చడం వాళ్లకున్న పెద్ద చిక్కు.

సరస్సులో రాక్షసికి చట్టం రక్షణ ఇచ్చిందట?

ఇచ్చింది, తర్వాత తీసేసింది. స్టూర్‌షోన్ సరస్సులో పెద్ద పాములాంటి జీవి ఉందన్న కథ 1635 నాటి ఒక మతగురువు రాతలోనే ఉంది. 1894లో దాన్ని పట్టుకోవడానికి ఒక కంపెనీ పెట్టి ఉచ్చు కూడా తయారు చేయించారు. ఆ సామాను ఓస్టర్‌సుండ్‌లోని యమ్ట్‌లీ మ్యూజియంలో ఉంది. 1986లో జిల్లా యంత్రాంగం ఆ జీవిని, దాని గుడ్లని, గూడుని ముట్టుకోకూడదని రక్షణ ప్రకటించింది. 2005లో రద్దయింది. ఫ్రోసోన్ శాసనం మీద చెక్కిన పామే ఆ జీవిని కట్టేసి ఉంచిందని పల్లెల్లో చెప్పుకుంటారు.

## వెళ్లి చూడాలనుకునేవాళ్లకు

స్టాక్‌హోమ్‌లో ఉంటాం. ఎలా వెళ్లాలి?

ఓస్టర్‌సుండ్‌కి నేరుగా రైలు ఉంది, సుమారు ఐదారు గంటలు. అదే దారి ఓరె వరకు, సరిహద్దు స్టేషన్ స్టూర్‌లియెన్ వరకు వెళుతుంది. 1882లో ట్రోన్‌హైమ్‌తో కలిపిన పాత లైను ఇది. కారైతే 550 కిలోమీటర్ల పైన. ట్రోన్‌హైమ్ నుంచి వస్తే అందులో సగమే.

చరిత్ర, లాంఛనాల మీద ఆసక్తి. రెండు రోజులే ఉన్నాయి, ఏం చూడాలి?

మొదటి రోజు ఓస్టర్‌సుండ్ వదలకండి. పొద్దున్నే యమ్ట్‌లీకి వెళ్లండి. హెర్యెదాలెన్‌లో దొరికిన ఓవర్‌హోగ్దాల్ నేత తెరలు అక్కడున్నాయి. వెయ్యేళ్ల నాటి ఉన్ని మీద జంతువులు, ఓడలు, చెట్టు ఇంకా రంగుతో ఉన్నాయి. తర్వాత వంతెన దాటి ఫ్రోసోన్ దీవికి నడిచి, రూన్ రాయి చూసి, చర్చి దాకా వెళ్లండి. ఆ కొండ మీంచి పడమట ఓరె శిఖరాలు కనిపిస్తాయి. దగ్గర్లోనే స్వరకర్త విల్‌హెల్మ్ పీటర్‌సన్-బెర్యెర్ ఇల్లు సోమ్మర్‌హాగెన్ ఉంది.

రెండో రోజు కారు ఉంటే గ్లోసా రాతి బొమ్మలు, అక్కడినుంచి పడమటికి టెన్‌ఫోర్సెన్ జలపాతం. కారు లేకపోతే రైలెక్కి ఓరె చాలు. చచ్చిపోయిన జలపాతం తూర్పున వ్యతిరేక దిక్కులో ఉంది కాబట్టి ఇదే రోజులో ఇరికించకండి. గ్లోసాకి మంచు కరిగాక, మే చివరి నుంచి సెప్టెంబరు లోపు వెళ్లండి. చలికాలంలో పలకల మీద మంచు కప్పేసి ఒక్క గీత కూడా కనిపించదు. వాగు పక్క రాళ్లు తడిగా జారతాయి, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. బొమ్మల మీద కాలు మాత్రం పెట్టకండి.